కార్డులకు బొమ్మలు వేస్తే ఆర్టిస్టు కాకుండా పోతామా? ఫిడీలియా బ్రిడ్జెస్ చుట్టూ అపోహలు, వాస్తవాలు

నీటిరంగులు నేర్పుతుంటాను. ఏ బ్యాచ్‌లో చూసినా ఒకటే ప్రశ్న: "శుభలేఖలకీ క్యాలెండర్లకీ వేస్తే ఇక మనల్ని ఆర్టిస్టుగా లెక్కచేయరట కదా మేడమ్?" చాలామంది చేతికొచ్చిన ఆర్డర్ వదులుకున్నాకే ఇది అడుగుతారు. ఆ పుకారు ఎవరు పుట్టించారో గానీ, దానివల్ల పోయేది మాత్రం వీళ్ల సంపాదన.

అపోహ: కార్డులకు వేసే చెయ్యి గ్యాలరీకి పనికిరాదు.

వాస్తవం: చిత్రకారిణి ఫిడీలియా బ్రిడ్జెస్ 1834లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం, సేలంలో పుట్టారు. తండ్రి ఓడ కెప్టెన్. టీనేజ్‌లోనే తల్లీ తండ్రీ ఇద్దరూ పోయారు. ఆ తర్వాత ఒక ఓడల వ్యాపారి ఇంట్లో పిల్లల్ని చూసుకునే పనిలో చేరారు. 1860లో ఫిలడెల్ఫియా వెళ్లి చిత్రకారుడు విలియం ట్రోస్ట్ రిచర్డ్స్ దగ్గర బొమ్మలు వేయడం నేర్చుకున్నారు. 1873లో న్యూయార్క్‌లోని కళాకారుల సంస్థ నేషనల్ అకాడమీ ఆఫ్ డిజైన్‌కు అసోసియేట్ సభ్యురాలిగా, 1875లో ఇప్పటి అమెరికన్ వాటర్‌కలర్ సొసైటీకి సభ్యురాలిగా ఎన్నికయ్యారు. అప్పట్లో ఆ సంఘంలో దాదాపు అందరూ మగవాళ్లే.

బోస్టన్ ప్రింటర్ లూయీ ప్రాంగ్ ఆవిడ బొమ్మలు కొని కార్డులుగా, ప్రింట్లుగా అచ్చువేయడం మొదలుపెట్టిందీ ఆ 1870లలోనే. ఏళ్ల తరబడి ఆ పని సాగింది. సొసైటీ వాళ్లు ఆవిడను వెలివేయలేదు. ఆవిడ పెళ్లి చేసుకోలేదు, అయినా ఒకరి మీద ఆధారపడకుండా బతికారంటే అందులో కార్డుల డబ్బుకూ వాటా ఉంది.

పనిలోనూ తేడా లేదు. ప్రాంగ్ పద్ధతిలో ఒక్కో రంగుకు ఒక్కో రాయి మీద అచ్చు తీయాలి. ఆకు అంచు, పిట్ట రెక్క స్పష్టంగా లేకపోతే ప్రింట్ అలుక్కుపోతుంది. ఆవిడ మామూలుగా వేసేదే అలాంటి బొమ్మ: గడ్డిలో డైసీ పూలు, కాడ మీద వాలిన పిట్ట, అన్నీ దగ్గరి నుంచి చూసినట్టు. కార్డుకో చెయ్యి, ఎగ్జిబిషన్‌కో చెయ్యి అవసరం రాలేదు.

మా క్లాసులో ఒకమ్మాయి నెల అద్దెకు సరిపోయే శుభలేఖల ఆర్డర్ వద్దనేసింది. "పేరు పాడవుతుంది" అని ఎవరో పెద్దాయన అన్నారట. అప్పటికే ఆ పార్టీ వేరేవాళ్లకు ఇచ్చేశారు. ఆ పిల్ల ఏడుస్తుంటే నాకు కోపం ఆగలేదు, ఆమె మీద కాదు. తల్లీ, టెన్షన్ పడాల్సింది పేరు గురించి కాదు. ఒరిజినల్ నీకే తిరిగి వస్తుందా, అచ్చు హక్కు ఎన్ని కాపీలకు, కార్డు మీద నీ పేరు ఉంటుందా, ఇవి అడుగు. రాతలో తీసుకో.

మిగతా అపోహలు త్వరగా చెప్పేస్తాను. నీటిరంగులు ఆయిల్ పెయింట్స్‌కు తొలిమెట్టు అంటారు. ఫిడీలియా ఆయిల్స్‌తో మొదలుపెట్టి 1870ల మొదట్లో నీటిరంగులకు వచ్చారు. మంచి సీనరీ కావాలంటే కొండలకు పోవాలంటారు. ఆవిడకు పొలం గట్టున పెరిగే కలుపు మొక్క చాలు.

నీటిరంగులు వెలిసిపోతాయన్నది మాత్రం కొంత నిజం. మ్యూజియంలు కూడా కాగితం మీది బొమ్మల్ని కొన్ని నెలలు గోడకు పెట్టి, తర్వాత చీకట్లో భద్రపరుస్తాయి. మీరు అమ్మే బొమ్మలో త్వరగా వెలిసే పాత రకం ఎరుపు, అలిజరిన్ క్రిమ్సన్ వాడకండి, క్వినాక్రిడోన్ ఎరుపు తీసుకోండి. కొన్నవాళ్లకు ఎండ పడే గోడ వద్దని చెప్పండి.