పడ్డానా, పడేవాణ్ణా?

పిల్లలూ,

అమెరికాలో చదువుకుంటున్న మీలో చాలామంది స్కూల్లో స్పానిష్ తీసుకున్నారని, మొదటి ఏడాది హాయిగా గడిచిపోయి భూతకాలం రాగానే టెన్షన్ మొదలైందని మీ అమ్మానాన్నలు చెబుతున్నారు. జరిగిపోయిన పనికి రెండు రూపాలెందుకు, ఎక్కడ ఏది వాడాలి అన్నదే కదా గొడవ! ఆ తేడా మీకు ఇంట్లో మాట్లాడే తెలుగులోనే ఉంది. స్పానిష్‌ని ఇంగ్లీషు మీదుగా నేర్చుకుంటున్నారు కాబట్టి అది మీకు కనబడటం లేదు.

సర్ఫింగ్, అంటే బోర్డు మీద నిలబడి సముద్రపు అలల మీద జారే ఆట, దాని కబుర్లతో చెబుతాను. ఆ ఆటలో గంటల తరబడి ఎదురుచూపులుంటాయి, రెప్పపాటులో జరిగిపోయేవీ ఉంటాయి. భూతకాలం నేర్చుకోవడానికి అంతకంటే ఏం కావాలి?

ముందు కొన్ని మాటలు. అలని 'ఓలా' అంటారు. పలకరింపు మాట కూడా పలకడానికి 'ఓలా'నే. రాసేటప్పుడు దాని ముందు హెచ్ ఉంటుంది, పలకరు. బోర్డు 'తాబ్లా'. మన 'త'నే పలకండి, ఇంగ్లీషు 'ట' కాదు. సముద్రం 'మార్', ఇసుక 'అరేనా', నురగ 'ఎస్పూమా', గాలి 'బియెంతో'. బోర్డు మీద బోర్లా పడుకుని చేతులతో నీళ్ళు తోసుకుంటూ పోవడం 'రెమార్'. పడవకు తెడ్డు వేయడానికీ అదే మాట. పడిపోవడం 'కాఎర్సే'. మొదటిరోజు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చేది ఇదే.

'మె కాఈ' అంటే పడ్డాను. 'మె కాఈయా' అంటే పడేవాణ్ణి, పడేదాన్ని. ఇంగ్లీషులో రెండుచోట్లా 'ఫెల్' అనేసి గట్టెక్కవచ్చు. తెలుగులో కుదరదు. 'చిన్నప్పుడు రోజూ పడ్డాను' అని మీరు అంటే అమ్మమ్మ వెంటనే దిద్దుతుంది. అలాగే 'ఫుయిమోస్' వెళ్ళాం, 'ఈబామోస్' వెళ్ళేవాళ్ళం. ఒక పని సాగుతుండగా మరొకటి జరిగితే రెండూ ఒకే వాక్యంలో వస్తాయి. 'రెమాబా క్వాందో బీనో లా ఓలా', నేను నీళ్ళు తోసుకుంటూ ఉండగా అల వచ్చింది. సాగుతున్నది 'రెమాబా', వచ్చిపడింది 'బీనో'.

ఈ 'వాణ్ణి' రూపం కట్టడం కూడా తేలిక. కొన్ని క్రియలకు 'ఆబా', మిగతావాటికి 'ఈయా' చేరుస్తారు. దారి తప్పేవి మూడే మూడు: 'ఎరా' (ఉండేవాణ్ణి), 'ఈబా' (వెళ్ళేవాణ్ణి), 'బెఈయా' (చూసేవాణ్ణి). మొండివన్నీ అవతలి 'పడ్డాను' రూపంలో ఉన్నాయి. వాటిని బట్టీ పట్టాల్సిందే, నా దగ్గర మందు లేదు.

మీ టీచర్లు కష్టమని చెప్పే మరో జంట చూడండి. 'నో పూదే లెబాంతార్మే' అంటే లేచి నిలబడాలని చూశాను, నిలబడలేకపోయాను. 'నో పొదీయా' అంటే నిలబడలేకపోయేవాణ్ణి. 'సూపే' తెలిసింది, 'సబీయా' అప్పటికే తెలుసు. తెలిసింది, తెలుసు అన్న రెంటినీ మీరెప్పుడైనా కలగలిపారా?

అయితే తెలుగు ఒకచోట మోసం చేస్తుంది. కథ చెబుతూ మనం 'ఆ రోజు ఎండగా ఉంది, నీళ్ళు చల్లగా ఉన్నాయి, నాకు భయంగా ఉంది' అంటాం. అన్నీ 'ఉంది'లే. ఇది ఇప్పటి సంగతా, అప్పటిదా అన్నది ఆ మాటని బట్టి తెలియదు. స్పానిష్‌లో అక్కడ 'ఉండేది' రూపమే పెట్టాలి: 'ఆసీయా సోల్, ఎల్ ఆగువా ఎస్తాబా ఫ్రీయా, తెనీయా మియేదో'. అందుకే, 'నిన్న' అన్న మాట కనబడితే ఫలానా రూపం రాయండి అని చెప్పే జాబితాలంటే నాకు పడదు. 'అయేర్ ఆసీయా ఫ్రీయో', నిన్న చలిగా ఉంది. 'నిన్న' ఉంది, అయినా 'ఆసీయా'నే. ఎంతసేపు సాగిందన్నది కూడా గుర్తు కాదు. మూడు గంటలు సర్ఫింగ్ చేసి ముగించామంటే 'సుర్ఫెఏ త్రేస్ ఓరాస్', చేశాను అనే.

ఇప్పుడొక నిజం కథ. స్పెయిన్ ఉత్తరాన బాస్క్ ప్రాంతంలో ముందాకా అనే ఊరుంది. అక్కడ నది సముద్రంలో కలిసేచోట ఇసుకమేట మీద పొడవాటి అల లేస్తుంది. దానికోసం ఎక్కడెక్కడివాళ్ళో వచ్చేవాళ్ళు. 2003లో ఓడకు దారి కోసం నదీముఖంలో ఇసుక తవ్వారు. మేట చెదిరి అల పోయింది. 2005లో జరగాల్సిన అంతర్జాతీయ పోటీ రద్దయింది. తర్వాత ఇసుక తనంతట తానే చేరి అల మళ్ళీ వచ్చింది. ఎక్కడ ఏ రూపమో చూడండి. 'ఆబీయా ఉనా ఓలా', ఒక అల ఉండేది. 'సకారోన్ అరేనా', ఇసుక తీశారు. 'దెసపరెసియో', మాయమైంది. 'మిరాబాన్ ఎల్ మార్', సముద్రం వంక చూస్తూ ఉండేవాళ్ళు. 'బొల్బియో', తిరిగొచ్చింది. ఇందులో 'ఆబీయా' బదులు దాని 'పడ్డాను' రూపమైన 'ఉబో' పెడితే, ఒకే ఒక్కసారి అల లేచిందన్నట్టు వినిపిస్తుంది.

పెరూ కథ మీరే రాయండి. వివరాలు ఇస్తున్నాను. అక్కడి వాంచాకోలో జాలర్లు జమ్ముతో కట్టిన చిన్న పడవల మీద అలలెక్కి ఒడ్డుకు వచ్చేవాళ్ళు, ఇప్పటికీ వస్తారు. ఫెలీపే పొమార్ 1965లో పుంతా రోకాస్‌లో ప్రపంచ చాంపియన్ అయ్యాడు. సోఫీయా ములానోవిచ్ 2004లో మహిళల ప్రపంచ చాంపియన్ అయింది. గెలవడం 'గానార్'. ఎక్కడ 'గానో' రాస్తారో, ఎక్కడ 'గానాబా' రాస్తారో చూస్తాను.

ఒక జాగ్రత్త. అల అందుకోవడాన్ని స్పెయిన్‌లో 'కొహేర్' అంటారు. పెరూలో 'కొర్రెర్ ఓలాస్', అలలతో పరుగెత్తడం అంటారు. మెక్సికోలో, అర్జెంటీనాలో మాత్రం ఆ మొదటి మాట పొరపాటున కూడా అనకండి, 'అగర్రార్' అనండి. ఎందుకని క్లాసులో అందరి ముందూ టీచర్ని అడగొద్దు.

మీ తాతయ్య