చూసింది కొంత, చెప్పుకున్నది కొండంత: మిర్రర్ న్యూరాన్ల కథ

తెరమీద ఎవరో ఏడిస్తే మనకెందుకు ఏడుపొస్తుంది? 'మిర్రర్ న్యూరాన్ల వల్ల' అని ఠక్కున చెప్పేస్తారు చాలామంది. అంటే, మనం ఒక పని చేసినప్పుడూ, ఆ పనే ఇంకొకరు చేయడం చూసినప్పుడూ స్పందించే మెదడు కణాలు. ల్యాబ్‌లో దొరికింది మాత్రం ఇంతకన్నా చాలా చిన్న సంగతి.

ఎదుటివాళ్ల కదలికల్ని పోల్చుకోవడంలో మన చూపు ఎంత చురుకో ఈ కణాలు దొరక్కముందే తెలుసు. 1973లో స్వీడన్‌కు చెందిన మనస్తత్వశాస్త్రవేత్త గున్నర్ యోహాన్సన్, కీళ్ల దగ్గర మెరిసే చుక్కలు తప్ప ఇంకేమీ కనిపించకుండా మనిషిని నడిపించి ఫిల్మ్ తీశాడు. కదలనంతసేపూ అవి ఉత్త చుక్కలే. అడుగు పడిందో లేదో, చూసేవాళ్లకు మనిషి కనిపించాడు. కానీ నడుస్తున్నాడని గుర్తించడం వేరు, ఎందుకు నడుస్తున్నాడో గ్రహించడం వేరు.

ఈ రెండోదానికి జవాబు ఇటలీలోని పార్మాలో దొరికిందనుకున్నారు. అక్కడ జకోమో రిజొలాటి బృందం మకాక్ కోతుల మెదడులో, చేతి కదలికలతో సంబంధమున్న ఎఫ్5 అనే చోట సన్నటి ఎలక్ట్రోడ్లు పెట్టి చూస్తోంది. కోతి తాను వస్తువును పట్టుకున్నప్పుడు స్పందించిన కణాల్లో కొన్ని, పరిశోధకుడు పట్టుకోవడం చూసినప్పుడూ స్పందించాయి. ఇది 1992లో అచ్చయింది. మిర్రర్ న్యూరాన్ల పేరు 1996కల్లా స్థిరపడింది.

నా లెక్కలో అసలు ముచ్చటైన ప్రయోగం 2001 నాటిది. ఆహారం పెట్టడం కోతికి చూపించి తెర అడ్డం పెట్టారు. చేయి తెర వెనక్కి వెళ్లింది, పట్టుకోవడం కనబడలేదు. అయినా పరీక్షించిన కణాల్లో సుమారు సగం స్పందించాయి. వెనక ఏమీ లేదని కోతికి తెలిసినప్పుడు, చేయి అలాగే వెళ్లినా అవి స్పందించలేదు.

ఇక్కడితో ఆగితే బాగుండేది. 2000లోనే నాడీశాస్త్రవేత్త వి.ఎస్. రామచంద్రన్, జీవశాస్త్రానికి డీఎన్ఏ ఎలాగో మనస్తత్వశాస్త్రానికి ఇవి అలాగన్నారు. భాష, సానుభూతి, ఆటిజం... అన్నీ వీటి ఖాతాలోకే వెళ్లాయి. 2009లో, భాషకూ మెదడుకూ ఉన్న సంబంధంపై పరిశోధించే గ్రెగరీ హికాక్ గట్టిగా అడ్డుతగిలారు: అర్థం చేసుకోవడానికి మనం ఆ పని చేయగలిగి ఉండాలంటే, మెదడు దెబ్బతిని మాట పలకలేనివాళ్లు కూడా ఎదుటివాళ్ల మాటను ఎలా అర్థం చేసుకోగలుగుతున్నారు? ఇవి పుట్టుకతో వచ్చినవి కావు, అనుభవంతో ఏర్పడినవి అన్నది మనస్తత్వశాస్త్రవేత్త సిసీలియా హేస్ వాదన.

మనుషుల్లో ఇలాంటి కణాలను విడివిడిగా నమోదు చేసిన ఫలితాలు 2010లో వచ్చాయి. మూర్ఛరోగులకు చికిత్సలో భాగంగా అమర్చిన ఎలక్ట్రోడ్లే అందుకు ఆధారం. అందులో కొన్ని కణాలు సొంత పనికి హుషారై, ఇతరుల పని చూసేటప్పుడు నెమ్మదించాయి. చూసిన ప్రతి పనినీ మనం వెంటనే అనుకరించకుండా ఆపేది ఇదే కావచ్చని ఆ పరిశోధకుల ఊహ.