చిన్నపిల్లలతో సైన్స్ మ్యూజియానికి: కొన్ని అపోహలు, వాస్తవాలు

తిరుపతిలో సైన్స్ ప్రదర్శనలు చూడటానికి వచ్చే పిల్లలకు ఎగ్జిబిట్లను పరిచయం చేసే పనిలో నేను పన్నెండేళ్లుగా ఉన్నాను. ఇన్నేళ్లలో గమనించినదేమంటే, పిల్లలు ఖాళీ చేతులతో లోపలికి వస్తారు, వారిని వెంటబెట్టుకొచ్చే పెద్దలు మాత్రం కొన్ని గట్టి అభిప్రాయాలు మోసుకొస్తారు. మూడు నుంచి ఏడేళ్ల పిల్లలున్న తల్లిదండ్రులను దృష్టిలో పెట్టుకొని వాటిలో కొన్నింటిని ఇక్కడ పరిశీలిస్తున్నాను.

అపోహ: టికెట్టు కొన్నాక అన్ని గదులూ చూపించకపోతే డబ్బు దండగ.

వాస్తవం: అన్నీ చూసిన పిల్లవాడు చాలాసార్లు ఏదీ చూడలేదనే అర్థం. ఒకసారి కళ్యాణకట్ట నుంచి వచ్చిన అయిదేళ్ల బాబు, గుండు మీద చందనం ఇంకా పూర్తిగా ఆరకముందే, నిలువెత్తు పుటాకార దర్పణం, అంటే లోపలికి వంగిన అద్దం, ముందు ఆగిపోయాడు. దూరంగా నిలబడినప్పుడు అద్దంలో తన గుండు కిందికీ కాళ్లు పైకీ కనబడ్డాయి. నాలుగడుగులు ముందుకు వేయగానే బొమ్మంతా అలుక్కుపోయి, ఇంకా దగ్గరికి వెళ్లేసరికి గుండు నిటారుగా, గుమ్మడికాయంత పెద్దదిగా కనిపించింది. వాడు వెనక్కి నడిచాడు, మళ్లీ ముందుకు వచ్చాడు. పదోసారికి బొమ్మ తిరగబడే చోటును నేల మీద చెప్పుతో గుర్తు పెట్టుకున్నాడు. దర్పణం వక్రతా కేంద్రం (దాని వంపు ఏ గోళంలో భాగమో ఆ గోళపు నడిబిందువు) ఎక్కడుంటుందో పదో తరగతి పిల్లలు కిరణ చిత్రాలు గీసి తేల్చే సంగతిని వాడు పాదాలతో వెతుక్కుంటున్నాడన్నమాట. సరిగ్గా అప్పుడే వాళ్ల నాన్న "రారా నాయనా, పైన ఇంకా చానా ఉండాయి" అంటూ చెయ్యి పట్టుకొని తీసుకువెళ్లారు. ఆ తరువాతి అరగంటలో ఆ బాబు దేని ముందూ అర నిమిషానికి మించి నిలబడటం నేను చూడలేదు.

చిన్నపిల్లలకు ఒక విడతలో నాలుగైదు ఎగ్జిబిట్లు చాలు. ఒకే మీటను ఇరవైసార్లు నొక్కుతుంటే అది మొండితనం కాదు, ప్రతిసారీ అలాగే జరుగుతుందా లేదా అని వారు సరిచూసుకుంటున్నారు. దీనికి అనుబంధంగా మన ఊరికే ప్రత్యేకమైన అపోహ ఇంకొకటి ఉంది: కొండ మీద దర్శనం చేసుకొని దిగాక, రైలుకు ముందు మిగిలిన గంటన్నరను సైన్స్ మ్యూజియంతో నింపుకోవచ్చని చాలామంది అనుకుంటారు. తెల్లవారుజామున లేచి, గంటల తరబడి క్యూలో నిలబడి, ఎండలో బస్సెక్కి వచ్చిన నాలుగేళ్ల పిల్లకు కావలసింది పెరుగన్నం, నిద్ర. వీలైతే కొండ ఎక్కడానికి ముందురోజు ఉదయం రండి. వచ్చాక ముందుగా మరుగుదొడ్డి ఎటువైపుందో చూసుకోండి, ఎగ్జిబిట్ల సంగతి ఆ తరువాత.

అపోహ: మ్యూజియంలో దేన్నీ ముట్టుకోకూడదు.

వాస్తవం: అది ఏ మ్యూజియం అన్నదాన్ని బట్టి ఉంటుంది. చంద్రగిరి కోటలోని రాజమహల్‌లో ఉన్నవి పాత విగ్రహాలు, మళ్లీ తయారు చేసుకోలేని వస్తువులు. చేతి చెమటలోని ఉప్పు, జిడ్డు లోహాన్నీ రాతినీ నెమ్మదిగా పాడుచేస్తాయి కనుక అక్కడ చేతులు వెనక్కి కట్టుకోవలసిందే. తిరుపతిలో 1993లో ప్రారంభమైన ప్రాంతీయ విజ్ఞాన కేంద్రం వంటివి మరో కోవకు చెందుతాయి. పిల్లల కోసమే మ్యూజియం నడపడమనే ఆలోచన 1899లో అమెరికాలోని బ్రూక్లిన్‌లో రూపు దిద్దుకుంది. 1969లో శాన్‌ఫ్రాన్సిస్కోలో భౌతిక శాస్త్రవేత్త ఫ్రాంక్ ఓపెన్‌హైమర్ ప్రారంభించిన ఎక్స్‌ప్లొరేటోరియం అనే మ్యూజియం, చేత్తో కదిపి చూసే పద్ధతికి ప్రపంచమంతటా పేరు తెచ్చింది. ఇటువంటి చోట కప్పీ తాడు లాగని పిల్లవాడికి కప్పీ ఉన్నా లేనట్టే. బయలుదేరే ముందు "ఈరోజు వెళ్లేది తాకే చోటికి" అనో "చూసే చోటికి" అనో ఇంట్లోనే చెబితే, లోపల అరవవలసిన అవసరం సగానికి తగ్గుతుంది.

అపోహ: పక్కన నిలబడి బోర్డు మీద రాసినదంతా చదివి వివరించాలి.

వాస్తవం: ఈ తప్పు నేనే చాలాకాలం చేశాను. పైకి చిమ్మే గాలి ధార మీద బంతి తేలే ఎగ్జిబిట్ దగ్గర ఒకటో తరగతి పిల్లలను కూర్చోబెట్టి పీడనం గురించి చెబుతున్నాను. వెనక నిలబడిన ఒక పాప తన జడ రిబ్బను విప్పి ఆ ధారలోకి చాపింది. రిబ్బను కర్రలా నిటారుగా లేచి నిలబడింది. ఆమె దాన్ని కొద్దిగా పక్కకు జరపగానే వాలిపోయింది. కంటికి కనబడని గాలి ధారకు అంచు ఎక్కడుందో మిగతా పిల్లలందరికీ అప్పుడే తెలిసింది, నా మాటల వల్ల కాదు. వెంట వచ్చిన టీచరు మాత్రం జడ విప్పినందుకు పాపను కోప్పడ్డారు.

పెద్దల కోసం అసలు సంగతి కూడా చెప్పాలి. బంతి పక్కకు జరిగినప్పుడు, ఒకవైపు నుంచి పోతున్న గాలి దాని గుండ్రటి ఒంటిని అంటిపెట్టుకొని వంగి, బయటివైపుకు మళ్లుతుంది. గాలి అటు మళ్లితే బంతి ఇటు, అంటే ధార మధ్యకు, నెట్టబడుతుంది. ఇది అయిదేళ్ల పిల్లకు చెప్పనక్కరలేదు. "బంతిని కొంచెం పక్కకు నెడితే ఏమవుతుందంటావు?" అని అడిగి, జవాబు వచ్చేదాకా నోరు కట్టేసుకోవడం చాలు. ఆ రెండో పనే కష్టం.

అపోహ: తారామండలం పిల్లలందరికీ నచ్చుతుంది.

వాస్తవం: మూడేళ్ల పిల్లలకు అక్కడ ముందుగా కనబడేది నక్షత్రాలు కాదు, చీకటి. ద్వారం పక్క సీటులో కూర్చోండి, ఏడిస్తే మొహమాటపడకుండా బయటికి వచ్చేయండి.

అపోహ: సైన్సు వేరు, బొమ్మలు వేయడం వేరు.

వాస్తవం: ఈ మాట అనేవారిని నేను శ్రీకాళహస్తి కలంకారీ వేసే ఇంటికి ఒక్కసారి వెళ్లి రమ్మంటాను. బట్టను ముందుగా కరక్కాయ, పాలు కలిపిన నీటిలో తడిపి ఆరబెడతారు. పాలలోని కొవ్వు వల్ల గీత చెదిరి పాకదు. పాత ఇనుప ముక్కలను బెల్లం నీటిలో రోజుల తరబడి పులియబెట్టి నల్ల రంగుకు కావలసిన ద్రవం తయారు చేస్తారు. వెదురు కలంతో ఆ ద్రవాన్ని బట్ట మీద గీయగానే, అందులోని ఇనుము కరక్కాయలోని వగరు పదార్థంతో కలిసి, కళ్లముందే నల్లబడుతుంది. ఎరుపు ఇంకా విచిత్రం: పటిక నీటితో గీసిన చోట, బట్టను రంగునిచ్చే మొక్కల వేర్లతో ఉడికించాక గాని ఎరుపు తేలదు. అది రసాయనశాస్త్రమో చిత్రకళో నిర్ణయించే పని పిల్లలకు లేదు.

అంత దూరం వెళ్లలేనివారు ఇంట్లోనే చిక్కటి టీ డికాషన్‌లో తుప్పు పట్టిన మేకు ఒకటి వేసి రాత్రంతా ఉంచవచ్చు. తెల్లారేసరికి డికాషన్ నల్లబడుతుంది, పుల్ల ముంచి కాగితం మీద బొమ్మ వేసుకోవచ్చు. అది తాగేది కాదని ఇంట్లో అందరికీ ముందే చెప్పి ఉంచాలి. మా ఇంట్లో ఒకసారి మామయ్యగారు అందులో పాలు కలిపేసుకున్నారు. మేకు గ్లాసుకు తగిలి చప్పుడు చేసింది కాబట్టి సరిపోయింది.