యూకేలో ఎంఏ టీసోల్ చేస్తే అక్కడి స్కూల్లో టీచర్ అయిపోవచ్చా?

పోయిన వారం మళ్లీ అదే ఫోన్. ఈసారి నరసరావుపేట నుంచి ఒకమ్మాయి. బీఈడీ అయింది, ప్రైవేటు స్కూల్లో మూడేళ్లు ఇంగ్లిష్ చెప్పింది. "మేడమ్, యూకేలో ఎంఏ టీసోల్ చేస్తే అక్కడే గవర్నమెంటు స్కూల్లో చేరొచ్చంట కదా?" కన్సల్టెన్సీ వాళ్లు చెప్పారట. వాళ్ల నాన్నగారు పొలం కాగితాలు బ్యాంకులో పెట్టడానికి సిద్ధంగా ఉన్నారు.

అలా చేరలేవమ్మా. ఇంగ్లండులో కౌన్సిల్ నడిపే స్కూళ్లలో టీచర్‌గా కుదురుకోవాలంటే క్యూటీఎస్, అంటే క్వాలిఫైడ్ టీచర్ స్టేటస్ అనే గుర్తింపు కావాలి. మామూలుగా అది పీజీసీఈ లాంటి టీచర్ ట్రైనింగ్‌తో వస్తుంది. ఎంఏ టీసోల్ ఎంత పేరున్న యూనివర్సిటీలో చేసినా క్యూటీఎస్ రాదు. అసలు ఆ చదువే వేరు: మాతృభాష ఇంగ్లిష్ కానివాళ్లకు ఇంగ్లిష్ నేర్పడం గురించి. పోనీ అక్కడి లాంగ్వేజ్ స్కూళ్లకు వెళ్దామంటే వాళ్లు సెల్టా లాంటి ఇంగ్లిష్ టీచింగ్ సర్టిఫికెట్ అడుగుతారు. అందులో నిజమైన విద్యార్థులకు ఆరు గంటలు పాఠం చెప్పాలి, పక్కన ట్యూటర్ కూర్చుని చూస్తారు. చాలా ఎంఏల్లో ఇది ఉండదు.

నేను చేసిన ఎంఏ టీసోల్‌లోనూ లేదు. మాలో మేమే విద్యార్థులం. నా మైక్రో టీచింగ్ రోజు ప్రెజెంట్ పర్ఫెక్ట్ తీసుకుని బోర్డు నిండా రాశాను. ట్యూటర్ వెనక బెంచీలో వాచీ చూస్తూ ఏదో రాసుకున్నారు. అయ్యాక ఆ కాగితం నా చేతికిచ్చారు. ఇరవై నిమిషాల్లో నేను మాట్లాడింది పదహారు, క్లాసు మాట్లాడింది రెండు. ఆ కాగితం ఇప్పటికీ నా బీరువాలో ఉంది. పాఠం చెప్పే తీరే మారిపోయింది నాకు. అందుకే చదువు దండగ అని ఎవరికీ చెప్పను. ఉద్యోగం ఆశ చూపించి ఆ చదువును అమ్మేవాళ్లంటేనే నాకు కోపం.

మిగతా పుకార్లు గబగబా చెప్తాను. భర్తనో పిల్లలనో వెంట తీసుకెళ్లొచ్చంటే నమ్మకండి, 2024 జనవరి నుంచి మొదలైన టాట్ మాస్టర్స్ (పరిశోధన కాకుండా క్లాసులతో నడిచే ఎంఏ లాంటివి) కోర్సులకు డిపెండెంట్ వీసా లేదు. వేసవిలో ఫుల్‌టైమ్ పని చేసుకోవచ్చన్నదీ తప్పే. డిసర్టేషన్ రాసే ఆ నెలలు కూడా టర్మ్ కిందికే వస్తాయి, వారానికి 20 గంటలే. మన వృత్తిలో ఎక్కువమంది చేసే పొరపాటు ఇంకొకటుంది: ఇంటి దగ్గరి పిల్లలకు ఆన్‌లైన్ ట్యూషన్లు. అది సొంత వ్యాపారం కిందికి వస్తుంది, స్టూడెంట్ వీసా మీద కుదరదు. చదువయ్యాక అక్కడే ఉండి పని చేసుకోనిచ్చే పోస్ట్ స్టడీ వీసాకు 2027 జనవరి 1 నుంచి అప్లై చేసేవాళ్లకు రెండేళ్లు కాదు, 18 నెలలే. తిరిగొచ్చాక డీఎస్సీ రాయాలంటే బీఈడీ, టెట్ ఎలాగూ ఉండాలి.

ఆ అమ్మాయి గొంతులో టెన్షన్ తెలుస్తూనే ఉంది. కాగితాలు బ్యాంకుకు ఇవ్వకముందే డిపార్ట్‌మెంటుకు నేరుగా ఒక మెయిల్ పెట్టమన్నాను. టీచింగ్ ప్రాక్టీస్ ఎన్ని గంటలు? ఎవరికి చెప్పిస్తారు? పోయినేడు చదివిన మన దేశం వాళ్లు ఇప్పుడు ఎక్కడ పనిచేస్తున్నారు? జవాబు రాగానే మళ్లీ ఫోన్ చేస్తానంది.