మంచు కరిగితే గడియారానికేం?

ధ్రువాల దగ్గర మంచు కరగడం వల్ల ప్రపంచంలోని కంప్యూటర్లకు రావలసిన గండం ఒకటి, అంటే గడియారం నుంచి ఒక సెకను తీసేయవలసి రావడం, మూడేళ్లు వాయిదా పడిందట, ఇది నిజమేనా అని ఒక పాఠకుడు అడిగారు. నిజమే. డంకన్ ఆగ్న్యూ అనే భూభౌతిక శాస్త్రవేత్త 2024 మార్చిలో ‘నేచర్’ పత్రికలో ఆ లెక్క ప్రచురించారు. భూతాపం గురించిన వార్తలు ఇప్పుడు వడగాలి, వరద, కార్చిచ్చు అంటూ ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. మంచు కరిగి గడియారం మారడం మాత్రం వాటిలో దేనికీ చెందని వింత. దీని గురించి రాయాలని చాలాకాలంగా చేయి దురద పెడుతోంది.

ప్రపంచానికి సమయం చెప్పే అణు గడియారం లోపల ఏముంటుందో వివరించను. సీజియం-133 పరమాణువు తాలూకు ఒక వికిరణం 919 కోట్ల 26 లక్షల 31 వేల 770 సార్లు డోలనం చెందడానికి పట్టే కాలమే సెకను అని 1967లో నిర్ణయించారు. మనకు అంతవరకు చాలు. చిక్కంతా ఆ అంకెను ఎక్కడి నుంచి తెచ్చారన్న దగ్గర ఉంది. 18, 19 శతాబ్దాల్లో జరిగిన ఖగోళ పరిశీలనల ఆధారంగా కట్టిన సెకనుకు దాన్ని సరిపెట్టారు. అంటే ఇది సుమారు 1820 నాటి భూమికి కుట్టిన చొక్కా. ఆ తర్వాత భూమి మెల్లబడింది. 1972 వచ్చేసరికి రోజు నిడివి 86,400 సెకన్ల కంటే దాదాపు 3 మిల్లీసెకన్లు ఎక్కువైంది. రోజుకు మూడు మిల్లీసెకన్లంటే వినడానికి ఏమీ కాదు, కానీ అవి పోగుపడి ఏడాది తిరిగేసరికి సెకను దాటిపోతాయి. అందుకే ఆ ఏడాది నుంచి అవసరమైనప్పుడల్లా గడియారానికి ఒక ‘లీపు సెకను’ కలపడం మొదలుపెట్టారు. ఇప్పటికి 27 కలిపారు. వాటిలో 22 సెకన్లు 1998 ఆఖరులోపే పడ్డాయి. ఆ తర్వాత కలిపినవి ఐదే. చివరిది 2016 డిసెంబర్ 31న కలిపారు. అప్పటి నుంచి ఒక్కటీ లేదు. ఎందుకంటే భూమి మళ్లీ వేగం పుంజుకుంది.

భూమి మెల్లబడటమేమిటి, పుంజుకోవడమేమిటి? పార్కులో పిల్లలు చేత్తో తోసి ఎక్కే రంగులరాట్నాన్ని తలుచుకోండి. నిలువుగా తిరిగే పెద్ద చక్రం కాదు. నడుమ ఇనుప స్తంభం, దాని చుట్టూ గుండ్రంగా తిరిగే బల్ల ఉంటాయే, అది. నలుగురు పిల్లలను స్తంభాన్ని కావలించుకుని నిలబడమని, గట్టిగా ఒక్క తోపు తోసి వదిలేయండి. అది తిరుగుతుండగానే పిల్లలను మెల్లగా అంచు వైపు జరగమనండి. ఎవరూ బ్రేకు వేయకపోయినా రాట్నం మందగిస్తుంది. మళ్లీ స్తంభం దగ్గరకు వస్తే జోరందుకుంటుంది. బల్ల మీది బరువు ఒక్క గ్రాము కూడా మారలేదు. మారింది అది ఉన్న చోటు మాత్రమే.

పాఠ్యపుస్తకంలో దీని పేరు జడత్వ భ్రామకం. ద్రవ్యరాశిని అక్షం నుంచి దూరపు వర్గంతో గుణించి కూడమంటారు. ఆ మాట చెప్పీ చెప్పకముందే కడ్డీకి ఒకటి, బిళ్లకు ఒకటి, బోలు గోళానికి ఒకటి అంటూ సూత్రాల పట్టిక బట్టీ పట్టిస్తారు. కథంతా ‘వర్గం’ అన్న ఆ ఒక్క మాటలో ఉందని ఎవరూ ఆగి చెప్పరు. పిల్లవాడు రెండింతల దూరం జరిగితే ప్రభావం నాలుగింతలవుతుంది. పాఠ్యప్రణాళిక రాసే అధికారం నాకే ఉంటే, పిల్లలను ఒకసారి రాట్నం ఎక్కించి దింపాకే నల్లబల్ల మీద సూత్రం రాయనిస్తాను.

ఇక భూమి దగ్గరకు వద్దాం. స్తంభం భూమి అక్షం, బల్ల అంచు భూమధ్యరేఖ. గ్రీన్‌లాండ్ మంచు స్తంభాన్ని పట్టుకుని నిలబడిన పిల్లవాడు. దాదాపు 72 డిగ్రీల అక్షాంశం దగ్గర అక్షం నుంచి దూరం సుమారు 2,000 కిలోమీటర్లు. భూమధ్యరేఖ దగ్గరైతే 6,378. మంచు కరిగి నీరైతే ఆ నీరు గ్రీన్‌లాండ్ చుట్టూ చెరువులా నిలవదు, ప్రపంచంలోని సముద్రాలన్నింటిలో సర్దుకుంటుంది. ఇందులో ఇంకో తమాషా ఉంది. అంత పెద్ద మంచు దిబ్బకు చుట్టుపక్కల సముద్రాన్ని తనవైపు లాగి ఉంచేంత గురుత్వాకర్షణ ఉంటుంది. మంచు తగ్గితే ఆ పట్టు సడలి, గ్రీన్‌లాండ్ తీరం దగ్గర సముద్రమట్టం తగ్గుతుంది. అక్కడి నుంచి జారిపోయిన నీరు దూరాన ఉన్న సముద్రాలకు చేరుతుంది. మంచు కరిగిన చోటే సముద్రం దిగిపోతుందంటే మొదట నమ్మబుద్ధి కాదు. రాట్నం భాషలో చెప్పాలంటే, ఆ పిల్లవాడు తను అంచుకు పోతూ పక్కవాణ్ని కూడా వెంట లాక్కుపోతున్నాడు.

ఎంత మందగిస్తుందో చిన్న లెక్క వేసి చూద్దాం. అంకెలంటే గిట్టనివారు ఈ పేరా దాటవేయవచ్చు. 2002 నుంచి ‘గ్రేస్’ ఉపగ్రహాలు, తర్వాత వాటి వారసులు కొలిచినదాని ప్రకారం గ్రీన్‌లాండ్ ఏటా సుమారు 27 వేల కోట్ల టన్నుల మంచు కోల్పోతోంది. అంటే 2.7×10¹⁴ కిలోగ్రాములు. మంచుగా ఉన్నప్పుడు దాని దూరపు వర్గం 0.4×10¹³ చదరపు మీటర్లు. సముద్రాల్లో సమంగా పరుచుకుంటే సగటున భూ వ్యాసార్ధపు వర్గంలో మూడింట రెండు వంతులు, అంటే 2.7×10¹³. తేడా 2.3×10¹³. దీన్ని ద్రవ్యరాశితో గుణిస్తే దాదాపు 6×10²⁷. భూమి మొత్తం జడత్వ భ్రామకం 8×10³⁷. ఒకదాన్ని ఇంకొకదానితో భాగించి, ఒక రోజులోని 86,400 సెకన్లతో గుణిస్తే సుమారు 7 మైక్రోసెకన్లు (మైక్రోసెకను అంటే సెకనులో పది లక్షలో వంతు) వస్తుంది. ఒక్క ఏడాది మంచుకు రోజు అంత పొడవు పెరుగుతుంది. అంటార్కిటికా కోల్పోతున్న మంచు ఇందులో దాదాపు సగం. రెండూ కలిపితే ఏటా 10 మైక్రోసెకన్లు, నూరేళ్లకు ఒక మిల్లీసెకను. పర్వతాల మీది హిమానీనదాలు, నేల నుంచి మనం తోడేస్తున్న నీరు కూడా కలుపుకుని 2024లో వచ్చిన ఒక పరిశోధన 2000 నుంచి ఈ వేగం నూరేళ్లకు 1.33 మిల్లీసెకన్లని తేల్చింది. కాగితం, కలంతో వేసిన లెక్క అంత దగ్గరగా రావడం చూస్తే నాకు ఎంత సంతోషమో!

పోల్చడానికి ఇంకో అంకె చెబుతాను. చైనాలోని త్రీ గోర్జెస్ ఆనకట్ట నిండితే రోజు 0.06 మైక్రోసెకన్లు పెరుగుతుందని నాసా శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. ఆనకట్ట భూమిని ఆపేస్తోందన్న కథ మాత్రం ఫోన్లలో ఏళ్ల తరబడి చక్కర్లు కొడుతూనే ఉంది. దానికి నూరు రెట్లకు పైగా పని గ్రీన్‌లాండ్ ఏటా చప్పుడు లేకుండా చేస్తుంటే ఎవరికీ పట్టదు.

రాట్నాన్ని ఆపే శక్తుల్లో పెద్దది చంద్రుడు. బయట నిలబడి అంచుకు చేయి ఆనించి పట్టుకున్న మనిషి లాంటివాడు. ఆటుపోట్ల రాపిడి రోజును నూరేళ్లకు సుమారు 2.4 మిల్లీసెకన్ల చొప్పున సాగదీస్తుంది. భూమి పోగొట్టుకున్న కోణీయ ద్రవ్యవేగం, అంటే తిరుగుడులోని ఊపు, వృథా కాదు. అది చంద్రుడికి చేరి, అతన్ని ఏటా 3.8 సెంటీమీటర్లు దూరం నెడుతుంది. దీనికి ఎదురుపనీ ఒకటి జరుగుతోంది. గత హిమయుగంలో కెనడా, స్కాండినేవియాలను అణగదొక్కిన మంచు ఎప్పుడో కరిగిపోయింది, కానీ కింద నొక్కుకుపోయిన నేల ఇంకా పైకి లేస్తూనే ఉంది. భూమి లోపలి శిల ధ్రువాల వైపు తిరిగివస్తోంది. అంచుకు పోయిన పిల్లల్లో కొందరు వేల ఏళ్లుగా అంగుళం అంగుళం స్తంభం వైపు పాకుతున్నారన్నమాట. దానివల్ల భూమికి కొంత వేగం వస్తుంది.

ఇదంతా నిజమనడానికి బాబిలోనియన్ల మట్టిపలకలే సాక్ష్యం. క్రీ.పూ. 136 ఏప్రిల్ 15న బాబిలోన్‌లో సంపూర్ణ సూర్యగ్రహణం కనిపించిందని వాళ్లు రాసిపెట్టారు. భూమి ఎప్పుడూ నేటి వేగంతోనే తిరిగి ఉంటే ఆ నీడ బాబిలోన్ మీద పడనే పడదు, దాదాపు 49 డిగ్రీలు పడమరగా పోయి పడాలి. రోజుకు కొన్ని మిల్లీసెకన్ల తేడా రెండు వేల ఏళ్లలో మూడు గంటలకు పైగా పేరుకుంది. గ్రహణాన్ని అపశకునమని భయపడినవాళ్లు, ఆ భయంతోనే ఘడియలు లెక్కపెట్టి రాయబట్టి ఈ రోజు మనకు ఇది తెలిసింది. మూఢనమ్మకం సైన్సుకు చేసిన ఉపకారాల్లో ఇంతకంటే గొప్పది నాకు తట్టడం లేదు.

మరి అన్నీ కలిసి ఆపుతుంటే ఇప్పుడు వేగం పెరగడమేమిటి? బల్ల కింద కంటికి కనిపించని ఇంకో రాట్నం ఉంది. భూగర్భంలో కరిగిన ఇనుముతో నిండిన గోళం. పైనున్న రాతిపొరకు, దానికి మధ్య కోణీయ ద్రవ్యవేగం చేతులు మారుతుంటుంది. కొన్ని దశాబ్దాలుగా లోపలిది మెల్లబడుతోంది. లోపలిది వదులుకున్నది పైపొరకు చేరుతోంది కాబట్టి మనం నిలబడిన నేల వేగం పుంజుకుంది. 2024 జూలై 5 నాటి రోజు 24 గంటల కంటే 1.66 మిల్లీసెకన్లు తక్కువ. అణు గడియారాలతో కొలవడం మొదలయ్యాక నమోదైన రోజుల్లో అదే అతి పొట్టిది. ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా ప్రళయం వచ్చేస్తోందని, గురుత్వాకర్షణ పోతుందని ఎవరో ఒకరు మొదలుపెడతారు. కన్ను రెప్పపాటుకు నూరు మిల్లీసెకన్లకు పైనే పడుతుంది. వాళ్ల భయం ఎంత పెద్దదో అంత చిన్నది ఈ తేడా.

మనుషులకు చిన్నదే, కంప్యూటర్లకు కాదు. 2012 జూన్ 30 రాత్రి లీపు సెకను కలిపినప్పుడు లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌తో నడిచే సర్వర్లు వందల కొద్దీ ఒక్కసారిగా పూనకం వచ్చినట్టు ఊగిపోయాయి. జరిగింది ఇది: సెకను కలపడానికి గడియారాన్ని ఒక సెకను వెనక్కి జరిపారు, కానీ ఆ సంగతి లోపల అలారాలు చూసుకునే భాగానికి ఎవరూ చెప్పలేదు. అది ఒక సెకను ముందే ఉండిపోయింది. ‘అర సెకను ఆగి లేపు’ అని ఏ ప్రోగ్రామ్ అడిగినా, ఆ గడువు ఎప్పుడో దాటిందనుకుని తక్షణం లేపేసింది. లేచిన ప్రోగ్రామ్ చేయడానికి పనేమీ లేక మళ్లీ పడుకోబోయింది, మళ్లీ లేపింది. ప్రాసెసర్లు నూటికి నూరు శాతం ఇదే పనిలో మునిగిపోయాయి. రెడిట్ అనే చర్చల వెబ్‌సైట్ నిలిచిపోయింది. ఆస్ట్రేలియాలో క్వాంటాస్ విమానాలు ఆలస్యమయ్యాయి, సిబ్బంది ప్రయాణికుల వివరాలను చేత్తో నమోదు చేయవలసి వచ్చింది. దీనికి విరుగుడు ఏమిటో తెలుసా? గడియారాన్ని అది ఇప్పటికే చూపిస్తున్న సమయానికే మరోసారి సెట్ చేయడం. అంతే, అంతా సర్దుకుంది.

2017 కొత్త సంవత్సరపు తొలి క్షణంలో, వెబ్‌సైట్లకు సేవలందించే క్లౌడ్‌ఫ్లేర్ సంస్థ వంతు వచ్చింది. తమ ప్రశ్నకు జవాబు రావడానికి ఎంత సమయం పట్టిందో వాళ్ల ప్రోగ్రామ్ ఒకటి కొలిచేది. ముగింపు సమయంలో నుంచి ప్రారంభ సమయాన్ని తీసేస్తే వచ్చేది సున్నా కావచ్చు గానీ రుణసంఖ్య ఎలా అవుతుందని రాసినవాళ్లు అనుకున్నారు. సున్నా అయితే ఏం చేయాలో రాశారు కూడా. గడియారం వెనక్కి జరిగింది, రుణసంఖ్య వచ్చింది, ప్రోగ్రామ్ కూలిపోయింది. సున్నాకు ‘సమానమైతే’ అన్నచోట ‘సమానమైనా, తక్కువైనా’ అని ఒక్క అక్షరం మార్చి బాగుచేశారు. గూగుల్ తన సర్వర్లలో ఈ అదనపు సెకనును ఒకేసారి కలపదు. ప్రతి సెకనునూ పిసరంత సాగదీసి, రోజంతా పూసేస్తుంది. నాకు తెలిసిన ఉపాయాల్లో తెలివైనది అదే.

ఇన్ని అవస్థలూ సెకను కలిపినప్పటివి. కలపడం 27 సార్లు చేశాం. తీసేయడం ఒక్కసారి కూడా చేయలేదు. భూమి ఇలాగే వేగం పుంజుకుంటూ పోతే రేపు చేయవలసింది అదే. 23:59:58 తర్వాత నేరుగా 00:00:00 వస్తుంది. రోజులో చివరి సెకను 23:59:59 అని గుడ్డిగా నమ్మి రాసిన ప్రోగ్రాములు ఎన్ని ఉంటాయో ఊహించండి. గడువు ఆ సెకనుకు ముగియాలి, ఖాతా ఆ సెకనుకు మూయాలి, ఫైలు ఆ సెకనుకు పంపాలి అని రాసి ఉంటే, ఆ రాత్రి ఆ సెకను రానే రాదు.

మంచు కరగకపోతే ఈ పని 2026లోనే చేయవలసి వచ్చేదని, కరగడం వల్ల 2029కి జరిగిందని ఆగ్న్యూ లెక్క. దీన్ని భూతాపం చేసిన మేలుగా చెప్పుకునేవాళ్లు కూడా తయారవుతారేమో. ఉద్గారాలు ఇలాగే పెరిగితే ఈ శతాబ్దం చివరికి మంచు, నీళ్ల ప్రభావం నూరేళ్లకు 2.62 మిల్లీసెకన్లకు చేరి, చంద్రుడినే మించిపోవచ్చని ఇందాక చెప్పిన పరిశోధనే అంటోంది. కోట్ల ఏళ్లుగా రాట్నానికి చేయి ఆనించి నిలబడ్డవాణ్ని పక్కకు నెట్టి, ఆ చోట మనం నిలబడటం అన్నమాట.

తూనికలు, కొలతల అంతర్జాతీయ మహాసభ 2022 నవంబర్‌లో ఒక తీర్మానం చేసింది. అణు గడియారానికి, భూమికి మధ్య ఇప్పుడు అనుమతిస్తున్న 0.9 సెకన్ల హద్దును 2035లోపు పెంచాలని. హద్దు పెంచితే చాలాకాలం పాటు సెకన్లు కలపనక్కరలేదు, తీయనక్కరలేదు. కొందరు హద్దు నిమిషం ఉంచాలంటున్నారు. నాకది నచ్చలేదు. రెండు మూడేళ్లకొకసారి వచ్చిన సెకనునే సరిగా రాయలేకపోయిన చోట, రాసినవాళ్లూ వాళ్లకు నేర్పినవాళ్లూ పోయాక వచ్చే నిమిషాన్ని ఎవరు సరిచూస్తారు? అది తర్వాతి తరం సంగతి. 2035 చివరి గడువు మాత్రమే, అంతకుముందే మార్చుకోవడానికి అడ్డేమీ లేదు. 2029లోపు మార్చుకుంటే, ఎన్నడూ పరీక్షించని ఆ తీసివేతను ప్రపంచంలోని యంత్రాలన్నింటి మీద ఒకే రాత్రి ప్రయోగించే పని తప్పుతుంది.