ఎడారిలో చెలమను పట్టుకోవడం: పిలకాయలకు ఉత్తరం

తిరుపతి

చిరంజీవులైన పిలకాయలకు తాత ఆశీస్సులు.

సెలవుల్లో కంప్యూటర్ ముందు కూర్చుని ఎడారిలో మరుగునపడిన ఒంటెల దారులు పట్టుకుంటామని రాశారు. మంచి పనే. కాకపోతే తోకవైపు నుంచి మొదలుపెట్టారు. మీరు దారిని వెతుకుతున్నారు. ముందు నీళ్ళను వెతకండి. ఎడారిలో ఎవరూ ఊరికే నడవరు, ఒక చెలమ దగ్గర బయల్దేరి ఇంకో చెలమకు చేరతారు. ఆ రెంటి మధ్య అరిగిన నేలే దారి. రెండు కొసలూ దొరికితే మధ్య గీత ఎక్కడ ఉండాలో సగం తెలిసినట్టే.

ఇది కళ్ళకు కట్టాలంటే సాయంత్రం పూట ఏదైనా చెరువు కట్ట ఎక్కి, గొడ్లు నీళ్ళకు దిగే వైపు చూడండి. దూరాన విడివిడిగా ఉన్న సన్నబాటలు నీటికి దగ్గరయ్యే కొద్దీ ఒకదాంట్లో ఒకటి కలుస్తాయి. ఒడ్డున గడ్డిపోచ కూడా మిగలదు, బోడినేల. పైనుంచి చూస్తే బండిచక్రం ఆకులన్నీ నడిబొడ్డున కలిసినట్టు ఉంటుంది. సహారాలో అయినా థార్‌లో అయినా పాత బావి చుట్టూ ఇదే బొమ్మ. గీతలు ఒకచోటికి వచ్చి కలుస్తున్నాయంటే అక్కడ నీళ్ళు ఉన్నాయి, లేదా ఒకప్పుడు ఉండేవి. ఒమన్‌లోని షిసర్ దగ్గర జరిగింది అదే. అంతరిక్ష నౌక రాడార్ చిత్రాలనూ ల్యాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాలనూ కలిపి చూస్తే పాత ఒంటెదారులు ఒక ఊట వైపు కలుస్తూ కనిపించాయి. 1990ల మొదట్లో అక్కడ తవ్వితే కోట బయటపడింది. దానిలో కొంత భాగం సున్నపురాతి గుహ కప్పు కూలి గోతిలోకి దిగిపోయి ఉంది. కథల్లో చెప్పే ఉబార్ నగరం అదేనా అన్నదాని మీద పండితులు ఇంకా వాదించుకుంటున్నారు. మనకు ఆ పేరుతో పని లేదు, గీతలు కలిసిన చోటుతోనే పని.

ఇక దూరం లెక్క. బరువెత్తిన ఒంటెల బిడారు గంటకు నాలుగు కిలోమీటర్ల చొప్పున రోజుకు 30 నుంచి 40 దాకా నడుస్తుంది. గూగుల్ ఎర్త్‌లో రూలర్ తీసి, తెలిసిన బావి కేంద్రంగా 35, 70, 105 కిలోమీటర్ల వలయాలు గీయండి. అవతలి బావి నుంచి కూడా అలాగే గీయండి. వలయాలు కోసుకున్న చోట్ల ముందు వెతకాలి. ఒంటె నీళ్ళు లేకుండా చాలా రోజులు ఓర్చుకుంటుంది కాబట్టి ప్రతి మజిలీలో నీళ్ళు ఉండాలని లేదు. ఈజిప్టులోని అస్యూత్ నుంచి సూడాన్‌లోని దార్‌ఫూర్‌కు వెళ్ళే దర్బ్ అల్ అర్బయిన్ అంటే నలభై రోజుల దారి అని అర్థం. ఖర్గా, సెలీమా, బీర్ నత్రూన్ లాంటి నీటి చోట్లను పట్టుకుని సాగుతుంది. మధ్యలో రోజుల తరబడి ఏమీ లేదు.

గాడిదకు ఆ ఓపిక లేదు. రెండు మూడు రోజులకు నీళ్ళు పడాల్సిందే. అందుకే ఒంటెలు రాకముందు, సుమారు నాలుగు వేల ఏళ్ళ కిందట, దాఖ్లా ఒయాసిస్సు నుంచి నైరుతి దిక్కుకు వెళ్ళినవాళ్ళు దారి పొడవునా మట్టికూజాల్లో నీళ్ళు దాచుకున్నారు. అబూ బల్లాస్ అనే గుట్ట దగ్గర ఆ కూజాలు ఇరవయ్యో శతాబ్దంలో బయటపడ్డాయి. అబూ బల్లాస్ అంటేనే కుండలయ్య. కాబట్టి లెక్క ప్రకారం నీళ్ళు ఉండాల్సిన చోట చెలమ ఆనవాలు లేకపోతే లెక్క తప్పనుకోకండి, పెంకులు ఉంటాయేమో చూడండి. ఉపగ్రహ చిత్రంలో పెంకులు కనిపించవు. అది నేల మీద నడిచేవాళ్ళ పని.

ఏ నేల దారిని దాచుకుంటుంది? గులకరాళ్ళ మైదానం అన్నిటికంటే బాగా దాచుకుంటుంది. పైన నల్లబారిన రాళ్ళు, కింద లేతరంగు మట్టి. డెక్కలు రాళ్ళను పక్కకు నెట్టేస్తే లేత గీత తేలుతుంది. వాన లేదు కాబట్టి వందల ఏళ్ళు, ఒక్కోసారి వేల ఏళ్ళు చెరగదు. కదిలే ఇసుక దిబ్బల మీద మాత్రం ఒక్క గాలిదుమారం చాలు, చెరిగిపోతుంది. గీత దిబ్బ దగ్గర ఆగిపోతే దారి అయిపోయిందని కాదు. రూలర్‌ను అదే వాలులో అవతలికి లాగి, దిబ్బల మధ్య గట్టినేల మీద మళ్ళీ వెతకండి.

అందరూ బోల్తాపడేది దొంగగీతల దగ్గర. రూలర్ పెట్టి గీసినట్టు గుట్టలు కూడా లెక్కచేయకుండా వెళ్ళే గీతలు చమురు అన్వేషణవాళ్ళవి. ఒకటిన్నర మీటర్ల ఎడంతో రెండే గీతలు జంటగా పోతుంటే అవి జీపువి. లిబియా, ఈజిప్టు ఎడారుల్లో రెండో ప్రపంచ యుద్ధం నాటి టైరు చాళ్ళు ఇంకా ఉన్నాయి. నల్లగా తిన్నగా పోతూ అటూ ఇటూ రాతిరంగు మారితే అది నేల పగులు. ఒంటెదారి అలా ఉండదు. పదీ ఇరవై సన్నబాటలు జడపాయల్లా విడిపోతూ కలుస్తూ, కొండ ఎదురైతే వంగి, కనుమలో మాత్రం ఒక్కటైపోతాయి. చంద్రగిరి వైపు నుంచి తిరుమలకు ఎక్కే శ్రీవారి మెట్టు దారి కొండమీద ఎలా ఒదిగిందో చూశారు కదా, కాలికి తెలిసిన వాలు అది.

ఏ చిత్రంలో చూడాలన్నది తర్వాతి మాట. సెంటినెల్-2 ఉపగ్రహం చిత్రంలో ఒక్కో చుక్క పది మీటర్లు. ఒంటరి కాలిబాట అందులో కనపడదు, యాభై మీటర్ల వెడల్పున్న బాటల గుంపయితే కనపడుతుంది. సన్నగీతకు గూగుల్ ఎర్త్‌లో గడియారం గుర్తు నొక్కి పాత ఏళ్ళన్నీ తిప్పండి. ఒక్క ఏడాది చిత్రంలోనే ఉండి మిగతావాటిలో లేని గీతను నమ్మొద్దు. చలికాలం చిత్రాల్లో ఎండ ఏటవాలుగా పడి నీడలు పొడుగవుతాయి, లోతుబాటలు తేలతాయి. అమెరికా గూఢచారి ఉపగ్రహాలు కరోనా 1960 నుంచి 1972 దాకా తీసిన ఫొటోలను 1995లో బయటపెట్టారు. రోడ్లూ బోర్లూ పెరగకముందు నేల ఎలా ఉందో అందులో ఉంటుంది. ఆ ఫిల్ము అంచుల్లో సాగిపోతుంది. మొత్తం ఒకేసారి అతికించకుండా ముక్కముక్కగా సరిచూసుకోండి.

నీటిని పట్టడానికి రెండు చిత్రాలు కావాలి: వానలైన వెంటనే ఒకటి, నడివేసవిలో ఒకటి. రెండింటిలోనూ పచ్చగా ఉన్న చోట నేల కింద నీళ్ళున్నట్టు. థార్‌కు అక్టోబరు, మే చాలు. మన దగ్గర ఈశాన్య రుతుపవనాల వాన కాబట్టి జనవరి, మే తీసుకోండి.

స్వర్ణముఖి ఇసుకలో చెలమ ఎలా తీస్తారో తెలుసు కదా. మోకాలి లోతు తవ్వి, మొదట ఊరిన బురదనీళ్ళు తోడి పారబోసి, ఆగితే తేటనీరు వస్తుంది. జైసల్మేర్ వైపు బేరీలనే చిన్న బావులది కూడా ఇదే సూత్రం. అక్కడ ఇసుక అడుగున జిప్సం పొరో బంకమట్టో వాననీటిని పట్టి ఆపుతుంది, దాని కిందికి పోతే ఉప్పునీళ్ళు. బేరీ మూతి చిన్నది, చిత్రంలో ఒక చుక్క కూడా కాదు. బేరీని కాదు, చుట్టూ ఉన్న పల్లాన్నీ తొక్కిన నేలనూ గుర్తించాలి. పేర్లూ సాయపడతాయి. అరబీలో బీర్ అంటే బావి, ఐన్ అంటే ఊట. రాజస్థాన్‌లో లూణకరణ్‌సర్ లాంటి పేర్ల చివరి సర్ అంటే చెరువు. మన రేణిగుంటలో గుంట లేదూ, పాలసముద్రంలో సముద్రం లేదూ!

రాడార్ గురించి అడిగారు. 1981లో అంతరిక్ష నౌక రాడార్ సెలీమా ఇసుక కింద పూడిన పాత నదీలోయలను చూపించింది. ఇసుక ఎండి గలగలలాడితేనే రాడార్ అలలు మీటరో రెండు మీటర్లో దిగుతాయి. తడి తగిలితే అక్కడే ఆగిపోతాయి. స్వర్ణముఖి మీద ఆ పప్పు ఉడకదు.

పాత మ్యాపును చిత్రం మీద పరిచేటప్పుడు ఒక తేడా వస్తుంది. సర్వే ఆఫ్ ఇండియా పాత షీట్లు భూమి ఆకారానికి కట్టిన ఎవరెస్ట్ అనే పాత లెక్క మీద గీసినవి, ఇప్పటి జీపీఎస్ లెక్క వేరు. అక్షాంశ రేఖాంశాలను అలాగే దించితే మన ప్రాంతంలో బావి సుమారు రెండు వందల మీటర్లు జరిగిపోతుంది. క్యూజీఐఎస్ అనే మ్యాపుల ప్రోగ్రాంలో షీటు నాలుగు మూలలా కదలని గుర్తులు నాలుగు తీసుకోండి: గుడి, రైలు వంతెన, చెరువు కట్ట మలుపు లాంటివి. నడుమ అయిదో గుర్తు పెట్టి అది సరిగ్గా కూర్చుందో లేదో చూడండి. ఏటి మలుపును మాత్రం గుర్తుగా తీసుకోవద్దు, ఏరు జరుగుతుంది. ఆ షీట్లలో నీళ్ళుండే వాగు నీలం, ఎండిన వంక నలుపు, దారులు ఎరుపు.

ముందు తిరుపతి మీద చేయి తిప్పుకోండి. పాత లెక్కలో షీటు నంబరు 57 ఓ/6. శేషాచలం అడవిలో నీటిగుంటలు దొరికితే చూడ్డానికి వెళ్ళొద్దు, అటవీశాఖ అనుమతి లేకుండా అడుగు పెట్టకూడదు. ఆ చోట్లు ఎక్కడా పోస్టు చేయొద్దు, ఎర్రచందనం దొంగలకు నీళ్ళ అడ్రసు మనమే ఇచ్చినట్టవుతుంది. ఊరవతల పాడుబడ్డ దిగుడుబావి కనిపిస్తే పెద్దవాళ్ళు లేకుండా అంచుకు పోవద్దు. వరస రాళ్ళు వదులై ఉంటాయి, లోపల గాలి కూడా చెడి ఉండొచ్చు.

పెట్టిన గుర్తులన్నీ కేఎంఎల్ ఫైలుగా, అంటే గూగుల్ ఎర్త్ గుర్తులను దాచే ఫైలుగా, నాకు పంపండి. ఒక్క చిత్రంలోనే కనిపించినదానికి పసుపు, మ్యాపులో కూడా ఉన్నదానికి ఆకుపచ్చ. తప్పని తేలినవి తుడిచేయకండి, ఎరుపు పెట్టి ఎందుకు తప్పో పక్కన రాయండి. నేను ముందు చూసేవి ఆ ఎర్రవే.

ఇట్లు,
మీ తాత