స్కాన్‌లో కనపడని దెబ్బని పట్టుకునే నాలుగు ప్రశ్నలు

2020 జనవరి 8న ఇరాక్‌లో అమెరికా సైనికులున్న అల్ అసద్ బేస్ మీద ఇరాన్ మిసైళ్లు పడ్డాయి గుర్తుందా? మా వాళ్లలో ఒక్కరికీ ఏం కాలేదని అమెరికా ముందు చెప్పింది, తర్వాత 11 మందికి మెదడు దెబ్బ అన్నారు, 34 అన్నారు, 50 అన్నారు, చివరికి లెక్క 100 దాటింది. దాచారని చాలామంది తిట్టారు, రాజకీయం సంగతి పక్కన పెడితే ఈ దెబ్బ తీరే అంత. రక్తం రాదు, పుర్రె పగలదు, సీటీ స్కాన్ తీస్తే నార్మల్ అని వస్తుంది.

ఎందుకో తెలియాలంటే మెదడు కణం, అంటే న్యూరాన్, లోపలికి చూడాలి. దాని బొమ్మ గీయించి మార్కులేస్తారు గానీ దాని తోక, అదే ఆక్సాన్, లోపల ఏముంటుందో స్కూల్లో ఎవరూ చెప్పరు, అసలు మజా అక్కడే ఉంది. లోపల మైక్రోట్యూబ్యూల్స్ అనే పట్టాలుంటాయి, వాటి మీద ప్రొటీన్లు గూడ్స్ బండ్లలా పోతుంటాయి. మెల్లగా లాగితే ఆక్సాన్ రబ్బరులా సాగి మళ్లీ సర్దుకుంటుంది. అదే పేలుడుకి తల అదిరి మిల్లీసెకన్లలో గుంజితే పట్టాలు పెళుసుగా విరుగుతాయి. తోక మాత్రం తెగదు! విరిగిన చోట ఒక బండి ఆగుతుంది, దాని వెనక ఇంకోటి, దాని వెనక ఇంకోటి, గంటలు గడిచేకొద్దీ అక్కడ ఉబ్బుతుంది. ఈలోగా ఆక్సాన్ గోడలో సోడియం వచ్చే దారులు, అంటే సోడియం చానళ్లు, లీకై, కాల్షియం లోపలికి దూసుకొచ్చి, కాల్పైన్ అనే ఎంజైమ్‌ని లేపితే అది ఆక్సాన్ గోడకి ఊతమిచ్చే స్పెక్ట్రిన్ అనే ప్రొటీన్‌ని కత్తిరించేస్తుంది. ఇదంతా మైక్రాన్ల లెక్కలో జరిగే గొడవ, సీటీకి ఎక్కడ కనపడుతుంది?

అందుకే 2007 నుంచి అమెరికా వెటరన్స్ (మాజీ సైనికుల) ఆసుపత్రుల్లో ఇరాక్, అఫ్గానిస్తాన్ నుంచి వచ్చినవాళ్లని మెషిన్‌లో పెట్టకుండా ముందు ప్రశ్నలే అడుగుతున్నారు. పేలుడు, యాక్సిడెంట్ లాంటిదేమైనా జరిగిందా? వెంటనే స్పృహ తప్పడం, బుర్ర మొద్దుబారడం ఉందా? ఆ తర్వాత తలనొప్పి, చిరాకు, మతిమరుపు, నిద్రపట్టకపోవడం మొదలయ్యాయా? పోయిన వారంలో కూడా ఉన్నాయా? నాలుగింటికీ అవునంటే పాజిటివ్. పాజిటివ్ అంటే జబ్బుందని కాదు, స్పెషలిస్టు దగ్గరికి పంపాలని, అంతే. ఇది అర్థంకాక ఎంతమంది హడలిపోతారో.

చిక్కేంటంటే చిరాకు, మతిమరుపు, నిద్రలేమి పీటీఎస్‌డీలో, అంటే భయంకరమైన అనుభవం తర్వాత మనసుకి పట్టే జబ్బులో, కూడా ఉంటాయి. 2008లో ఇరాక్ నుంచి తిరిగొచ్చిన 2,525 మంది సైనికుల మీద ఒక స్టడీ వచ్చింది. దెబ్బకి స్పృహ తప్పినవాళ్లలో దాదాపు 44 శాతం మందికి పీటీఎస్‌డీ లక్షణాలున్నాయి, పీటీఎస్‌డీ, డిప్రెషన్ ప్రభావాన్ని లెక్కలోంచి తీసేస్తే మెదడు దెబ్బకి గట్టిగా అంటుకుని మిగిలిన శారీరక బాధ తలనొప్పి ఒక్కటే! అందుకే డిప్రెషన్‌కి రెండు ప్రశ్నలు, పీటీఎస్‌డీకి ఐదు, విడిగా అడుగుతారు.

నాకు మాత్రం ఆ రెండో ప్రశ్న దగ్గరే ఆలోచన ఆగిపోతుంది. స్పృహ తప్పిందా అని ఏళ్ల తర్వాత అడుగుతున్నారు, తప్పినవాడికి ఆ ముక్కే గుర్తుండదు కదా, పక్కనున్నవాడు అప్పుడు చెప్పిందే ఇప్పుడు చెప్తాడు, ఆ పక్కవాడు బతికుంటే.